అమ్మ తల చుట్టుకొలత 56

మా ఇంటికి మొదటి బండి 1990లో వచ్చింది. లేత నీలం రంగు బజాజ్ చేతక్. ఏపీ 03 అని మొదలయ్యే నంబరు. చిత్తూరు జిల్లా బండ్లకు ఆ వరస అప్పుడప్పుడే ఇస్తున్నారు. నాయన దేవస్థానం ఆఫీసులో గుమస్తా. తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. బండిని కపిలతీర్థం తీసుకెళ్ళి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన ఆ సాయంత్రమే ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో నాయన ఖాయం చేసేశాడు.

తమ్ముడు ముందు నిలబడాలి. నేను నాయనకూ అమ్మకూ మధ్య. అమ్మ చివర్లో, కాళ్ళు ఎడమవైపు వేసుకుని, పక్కకు తిరిగి. తమ్ముడు పొడుగై నాయనకు దారి కనపడకుండా అడ్డం వచ్చేదాకా అదే ఏర్పాటు. తర్వాత వాడు నా చోటికి వచ్చాడు, నేను బస్సుకు మారాను. అమ్మ చోటు మాత్రం అదే.

చేతక్‌కు ముందు సీటు వేరు, వెనక సీటు వేరు వచ్చేవి. నలుగురం పట్టాలని నాయన ఆ రెండూ తీయించి, సీట్లు కుట్టే అంగడిలో ఒకే పొడవాటి సీటు వేయించాడు. అంత చేసినా అమ్మకు మిగిలేది జానెడు చోటే. దాని వెనక నిలువుగా స్టెఫ్నీ, అంటే అదనపు చక్రం. అమ్మ ఎడమ చేత్తో ఆ స్టెఫ్నీని పట్టుకునేది, కుడి చెయ్యి నా నడుము మీదుగా పోనిచ్చి నాయన చొక్కా పట్టుకునేది. ఒడిలో సంచి. ఆ సంచిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. అది జారకుండా మోకాళ్ళతో బిగించేది. బండి దిగినాక కొంచెంసేపు కాళ్ళు తిమ్మిరెక్కి నడవలేకపోయేది. అది మాకు మామూలు సంగతి. ఎందుకని ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు నేను కూడా బండి నడుపుతాను కాబట్టి ఆ వెనక చోటు సంగతి బాగా అర్థమవుతోంది. నడిపేవాళ్ళకు చేతిలో హ్యాండిల్ ఉంటుంది, కాలి కింద బ్రేకు ఉంటుంది, కళ్ళ ముందు దారి ఉంటుంది. గుంత వస్తోందని ముందే తెలుస్తుంది కాబట్టి ఒళ్ళు దానంతటదే బిగుసుకుంటుంది. వెనక పక్కకు తిరిగి కూర్చున్న మనిషికి కనపడేది రోడ్డు పక్కన చింతచెట్లే. గుంత సంగతి గుంతలో పడ్డాకే తెలుస్తుంది. పైగా వెనక చక్రం సరిగ్గా ఆ సీటు కిందే ఉంటుంది కాబట్టి కుదుపంతా అక్కడే. "గట్టిగా పట్టుకో" అని నాయన అరిచేవాడు. ఆ అరుపు చెవిన పడేలోపే బండి ఎగిరి దిగి పోయేది.

మా అమ్మ పుట్టిల్లు పాకాల దగ్గర పల్లె. సెలవొస్తే చేతక్ అటే. చంద్రగిరి దాటేటప్పుడు కోట కనపడేది, గాదంకి దగ్గర "అదిగో రాడార్ ఉండే చోటు" అని నాయన చెయ్యి చాపేవాడు, నేండ్రగుంట దగ్గర పాకాలకు తిరిగేవాళ్ళం. చాలా దూరం రోడ్డుకు రెండు పక్కలా చింతచెట్లు, వాటి నీడలో ఎండ తెలిసేదే కాదు. వచ్చేటప్పుడు అవ్వ సంచులు నింపేది. మామిడికాయలు, బెల్లం, శెనక్కాయలు, ఒక్కోసారి తోటలో టమోటాలు. సంచిలో పట్టనివి నాయన హెల్మెట్‌లోకి వెళ్ళేవి.

ఆ హెల్మెట్ బండితో పాటే గాంధీ రోడ్డులో కొన్నది. ఎర్రది, ముందు అద్దం ఉండేది. నాయన పెద్ద రోడ్డు మీద, కొండమీదికి పోయేటప్పుడు పెట్టుకునేవాడు. ఊళ్ళో తిరిగేటప్పుడు, ఎండ ఎక్కువైనప్పుడు తీసి అమ్మకిచ్చేవాడు. అమ్మ దాన్ని బోర్లా తిప్పి ఒడిలో పెట్టుకునేది. అందులో మామిడికాయలు తెచ్చింది, లడ్డూ ప్రసాదం తెచ్చింది, తిరుచానూరులో కొన్న పూలు వాడకుండా తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. నా చిన్నతనమంతా ఆ హెల్మెట్ ఎక్కువ దూరం ప్రయాణం చేసింది అమ్మ ఒడిలోనే. దాన్ని ఇంట్లో అందరం "నాయన హెల్మెట్" అనేవాళ్ళం. బండికి ఒక్క తలే ఉన్నట్టు, ఒకటి కొంటే సరిపోయినట్టు. మా వీధిలో ఏ ఇంట్లోనూ రెండో హెల్మెట్ చూసిన గుర్తు లేదు.

కొండ ప్రయాణాలు వేరే. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారని, దాని రూపకల్పన మోక్షగుండం విశ్వేశ్వరయ్యదని నాయన ఎన్నిసార్లు చెప్పాడో. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక ఎక్కడం దాంట్లో, దిగడం పాతదాంట్లో. అలిపిరి దగ్గర ఒక పక్కన బండి ఆపి నాయన మా అందరికీ పాఠం చెప్పేవాడు. మలుపులో నేను ఎటు వంగితే మీరూ అటే వంగాలి, భయపడి రెండో పక్కకు లాగితే బండి నా మాట వినదు. తమ్ముడికీ నాకూ అది ఆటగా ఉండేది. అమ్మకు కష్టం. పక్కకు తిరిగి కూర్చున్న మనిషి ఎడమ మలుపులో ముందుకు తూలుతుంది, కుడి మలుపులో వెనక్కి వాలుతుంది. పట్టుకోవడానికి స్టెఫ్నీ అంచు తప్ప ఏమీ లేదు. అయినా అమ్మ కళ్ళు మూసుకుని గోవింద నామాలు చెప్పుకుంటూ నాయన వంగినప్పుడల్లా తనూ వంగేది.

హెల్మెట్ పెట్టుకున్నాక నాయనకు వెనక నుంచి మాట వినపడేది కాదు. అందుకని ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. అమ్మ భుజం మీద ఒకసారి తడితే మెల్లగా పొమ్మని, రెండుసార్లు తడితే ఆపమని. దిగేటప్పుడు ఏటవాలులో మేమంతా జారి నాయన వీపు మీదికి వచ్చిపడేవాళ్ళం. ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర అమ్మ తప్పకుండా రెండుసార్లు తట్టేది. అక్కడ దిగి, దండం పెట్టుకుని, కాళ్ళు సాగదీసుకుని, కొంగు మళ్ళీ నడుముకు దోపుకుని ఎక్కేది. ధనుర్మాసంలో తెల్లవారుజామున పోతే మంచు. నాయనకు తల మీద హెల్మెట్, ఒంటి మీద స్వెటర్. అమ్మకు చెవుల మీదుగా కట్టుకున్న కొంగు. కొండమీద దిగేసరికి చేతివేళ్ళు నీలంగా ఉండేవి. కాఫీ గ్లాసును రెండు చేతులతో చాలాసేపు పట్టుకుని కూర్చునేది.

తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి తగ్గిన ఏడాది అమ్మ తలనీలాలు మొక్కుకుంది. మామూలుగా మూడు కత్తెర్లు ఇచ్చే మనిషి, ఆసారి గుండు చేయించుకుంది. మోకాళ్ళ దాకా ఉండే జడ. కల్యాణకట్ట నుంచి గంధం పూసుకుని బయటికి వచ్చినప్పుడు మేము గుర్తుపట్టలేదు. దర్శనమయ్యాక మధ్యాహ్నం ఎండలో దిగడానికి బండి తీస్తుంటే నాయన అమ్మను ఒక నిమిషం చూశాడు. తల మీద ఉన్నది తీసి అమ్మ తల మీద పెట్టాడు.

"నాకెందుకు, మీరు నడిపేవాళ్ళు" అంది అమ్మ.

"ఎండకు మాడిపోతావు. పెట్టుకో" అన్నాడు నాయన.

అది అమ్మకు మరీ పెద్దది. కనుబొమ్మల మీదికి జారుతుంటే ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది. స్టెఫ్నీ పట్టుకోవాల్సిన చెయ్యే అది. నాలుగైదు మలుపులు తిరిగేసరికి రెండుసార్లు తట్టి బండి ఆపించింది. హెల్మెట్ తీసి నాయనకిచ్చేసి, కొంగు తల చుట్టూ కప్పుకుంది. "ఒకరికి పెడితే ఒకరికి లేకపాయె" అని ఒక్క మాట అంది, అంతే. ఆ తర్వాత చాలాకాలం ఆ హెల్మెట్ లోపల స్పాంజికి గంధం వాసన ఉండేది.

చట్టం సంగతి పెద్దయ్యాక తెలిసింది. 1988 మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ హెల్మెట్ గురించి. నడిపేవాళ్ళు అని ఆపెయ్యలేదు అందులో. బండి మీద ప్రయాణించే ప్రతి మనిషికీ తలకు రక్షణ ఉండాలని రాశారు, తలపాగా కట్టే సిక్కులకు తప్ప. అంతకు ముందున్న 128వ సెక్షన్‌లో నడిపేవాళ్ళు కాక ఇంకొక్కరే ఎక్కాలని, వాళ్ళకు గట్టిగా బిగించిన సరైన సీటు ఉండాలని రాశారు. 1989 నిబంధనల్లో ఇంకా వివరంగా ఉంది. వెనక కూర్చునేవాళ్ళకు చేత్తో పట్టుకునే పిడి, కాళ్ళు పెట్టుకునే మెట్టు, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్నైనా కప్పే అడ్డు. మా చేతక్ ఇంటికి వచ్చేనాటికే ఇదంతా పుస్తకంలో ఉంది. అవి చదివినప్పుడు నాకు స్టెఫ్నీ అంచు పట్టుకున్న అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ఎక్కడో ఢిల్లీలో ఎవరో కూర్చుని అమ్మ చెయ్యి, అమ్మ కాళ్ళు, అమ్మ కొంగు, అమ్మ తల అన్నీ ఆలోచించి రాసిపెట్టారు. తిరుపతిలో ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కొంగు అన్నాను కాబట్టి మా మామ బండి గురించి చెప్పాలి. అమ్మకు చిన్న తమ్ముడు. యమహా ఆర్‌ఎక్స్ 100 కొన్నాడు. ఆ బండి శబ్దం పల్లెలో ఇంకో వీధిలో ఉండగానే తెలిసిపోయేది. కుర్రవాళ్ళకు అప్పట్లో ఒక పిచ్చి ఉండేది, బండి కొనగానే వెనక పిడి, చక్రానికి అడ్డుండే శారీ గార్డ్ విప్పి పారేయడం. అవి ఉంటే బండి ముసలిదానిలా కనపడుతుందట. మామ కూడా విప్పించేశాడు. పెళ్ళయిన కొత్తల్లో అత్తను ఎక్కించుకుని చంద్రగిరిలో చుట్టాల పెళ్ళికి వచ్చాడు. మేమూ అక్కడే ఉన్నాం. భోజనాలై అందరం కల్యాణమండపం బయట వాళ్ళను సాగనంపుతున్నాం. అత్త పట్టుచీర కట్టుకుంది, కొంగు వదిలేసి పక్కకు కూర్చుంది. బండి గేటు దాటి ఇంకా రెండో గేరు కూడా పడలేదు. కొంగు వెనక చక్రం చువ్వల్లోకి పోయింది. చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి చీర మొత్తం బిగిసి అత్తను సీటు మీది నుంచి వెనక్కి లాగి కిందపడేసింది.

పట్టుచీర చినగదు. అదే భయంకరం. నూలు చీర అయ్యుంటే పర్రున చినిగి వదిలేసేది. జరీ అంచు తాడులా మెలిపడి అత్త భుజాన్ని చక్రం దగ్గరికి లాగి పట్టుకుంది. మామ బండి ఆపి వెనక్కి తిరిగేలోపే అమ్మ పరిగెత్తింది. పక్కనే టైలర్ అంగడి. కత్తెర లాక్కొచ్చి చక్రం దగ్గర చీరను తెగ్గోసింది. అత్తకు భుజం కీలు తప్పింది, వీపంతా గీరుకుపోయింది. గేటు దగ్గర కాబట్టి అంతటితో పోయింది. పెద్ద రోడ్డు మీద అయ్యుంటే ఏమయ్యేదో అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. అమ్మ మాత్రం కత్తెర చేతిలో పట్టుకునే మామతో అంది: "ఆ గార్డు యాడ పారేసినావో తెచ్చి బిగించు. బిగించినాకే ఆ పిల్లను ఎక్కించు."

మామ మరుసటి వారమే గార్డు, పిడి రెండూ బిగించుకున్నాడు. ఆ రోజు నుంచి అమ్మకు ఒక అలవాటు. మాకు తెలిసిన ఏ ఆడమనిషి బండెక్కుతున్నా దగ్గరికి పోయి కొంగో చున్నీయో తనే చుట్టి నడుముకు దోపేది. కొత్త కోడళ్ళు సిగ్గుపడేవాళ్ళు. అమ్మ పట్టించుకునేది కాదు. మా వీధిలో కాలేజీ పిల్లలు చున్నీ గాలికి వదిలేసి స్కూటీ వెనక కూర్చుని పోతుంటే గేటు దగ్గర నుంచే కేకేసి ఆపేది. నేను ఇప్పుడు అదే పని చేస్తాను, సిగ్నల్ దగ్గర తెలియనివాళ్ళకు కూడా చెబుతాను.

తమ్ముడికి ఉద్యోగం వచ్చాక హీరో హోండా స్ప్లెండర్ కొన్నాడు. నాయన చేతక్‌ను అమ్మేశాడు. మేము అప్పటికి కొర్లగుంటకు మారాం. అక్కడ పక్క వాటాలో ఒక అక్క ఉండేది. పేరు రాయను. మల్లెపూలు, కనకాంబరాలు కట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. సాయంత్రం మా వరండాలో కూర్చుని మాట్లాడుతూనే మూరలు మూరలు కట్టి వీధిలో ఆడపిల్లలందరికీ తలా ఒక మూర తుంచి ఇచ్చేది.

రేణిగుంట వైపు ఏదో శుభకార్యానికి పోయి ఒక రాత్రి మొగుడు పెళ్ళాలు తిరిగి వస్తున్నారు. ఒడిలో పాప నిద్రపోయింది. రోడ్డు మీద కొత్తగా స్పీడ్ బ్రేకర్ వేశారు, తెల్లగీతలు లేవు, లైటు లేదు. ఆయన హెల్మెట్ పెట్టుకుని ఉన్నాడు. బండి ఎగిరింది. అక్క రెండు చేతులూ పాప చుట్టూ ఉన్నాయి, ఇక దేన్ని పట్టుకుంటుంది? వెనక్కి పడింది. పాప ఆమె మీద పడింది కాబట్టి పాపకు గీత కూడా పడలేదు. ఆయన బండి అసలు కిందపడనే లేదు. కొంతదూరం పోయాక సీటు తేలికగా ఉందని తెలిసి వెనక్కి చూశాడట. ఆ మాట ఆయన ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ ఏడ్చాడు.

ముందు తిరుపతిలో, తర్వాత తమిళనాడు రాయవేలూరులో వైద్యం. అక్క బతికింది. నెలల తర్వాత ఇంటికి వచ్చింది. మాట కొంచెం నెమ్మదించింది. ఇంకొకటి పోయింది, అది మాకు వెంటనే తెలియలేదు. వాసన. తల వెనక దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల మెదడు ఒక్కసారిగా ముందుకు కదులుతుంది. ముక్కు పైన ఎముకలోని సన్నని రంధ్రాల గుండా మెదడుకు పోయే వాసన నరాలు ఆ ఊపుకు తెగిపోవచ్చు. తెగితే చాలామందికి తిరిగి రాదు. అక్క మళ్ళీ పూలు కట్టింది, వేళ్ళు మర్చిపోలేదు. కానీ కట్టిన దండను ముక్కు దగ్గర పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయేది. పొయ్యి మీద పాలు మాడినా తెలిసేది కాదు. ఒకసారి గ్యాస్ లీకయ్యింది, మా వాటాలో అమ్మకు వాసన వచ్చి పరిగెత్తింది. అప్పటి నుంచి రోజూ రాత్రి పడుకోబోయే ముందు అమ్మ వాళ్ళింట్లోకి పోయి సిలిండర్ నాబ్ చూసి వచ్చేది. ఆ ఇల్లు ఖాళీ చేసిందాకా.

హెల్మెట్ లేకపోతే ప్రాణం పోతుందని అందరూ అంటారు. ప్రాణం పోకుండా పోయేవి కూడా ఉన్నాయి. మాట, వాసన, మనుషుల పేర్లు, కోపం అదుపు. వాటి లెక్కలు నేనెక్కడా చూడలేదు. ప్రాణాలకు లెక్కుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా పోయి చనిపోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. ప్రతి ఏడుగురిలో ఇద్దరు. వీళ్ళలో ఎవరూ బండి నడపలేదు, ఎవరూ స్పీడు పెంచలేదు.

అమ్మకు సొంత హెల్మెట్ వచ్చింది 2015లో, అదీ పక్క రాష్ట్రం పుణ్యాన. తమ్ముడు అప్పుడు చిత్తూరులో ఉండేవాడు. అమ్మకు కంట్లో పొర వస్తోందని రాయవేలూరులో చూపించడానికి బండి మీద తీసుకెళ్ళాడు. ఆ జులై 1 నుంచే తమిళనాడులో మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో వెనక కూర్చునేవాళ్ళకు కూడా హెల్మెట్ గట్టిగా అమలు చేస్తున్నారు. సరిహద్దు దాటాక క్రిస్టియాన్‌పేట దగ్గర పోలీసాయన బండి ఆపాడు. తమ్ముడి వంక చూడలేదు. అమ్మ వంక చూసి, "అమ్మా, ఉంగ హెల్మెట్ ఎంగే?" అన్నాడు.

అమ్మ ఈ మాట మాకు ఇంటికి వచ్చి చెప్పినప్పుడు ఆమె గొంతులో ఆశ్చర్యం ఇంకా ఉంది. పాతికేళ్ళుగా బండెక్కుతున్న మనిషిని, నీ హెల్మెట్ ఏదని అడిగిన మొదటి మనిషి ఆయనే. "నన్నడిగినాడు. అబ్బోడిని కాదు, నన్ను" అని రెండు మూడుసార్లు చెప్పింది.

అక్కడే రోడ్డు పక్కన పట్టా పరిచి హెల్మెట్లు అమ్ముతుంటే తమ్ముడు ఒకటి కొనిచ్చాడు. అమ్మ దాన్ని ఆ రోజంతా పెట్టుకుని తిరిగింది. ఎండ తగల్లేదని, లారీల దుమ్ము కంట్లో పడలేదని సంతోషపడింది. ఇంటికి తెచ్చాక నేను రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కితే డొప్ప లోపలికి పోయింది. లోపల అర అంగుళం మెత్తటి స్పాంజి, దాని మీద గుడ్డ, అంతే. గడ్డం కింద పట్టీ లాగితే రివెట్టుతో సహా ఊడి వచ్చింది. పోలీసుకు చూపించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు అది.

మరుసటి రోజే అమ్మను తిరుపతిలో హెల్మెట్ల అంగడికి తీసుకెళ్ళాను. ఆ అంగడి అతను పెద్దాయన, పని తెలిసిన మనిషి. ముందు టేపు తీసుకుని అమ్మ కనుబొమ్మల పైనుంచి తల వెనక ఉబ్బు మీదుగా చుట్టి కొలిచాడు. 56 సెంటీమీటర్లు. జాకెట్టు కొలత తప్ప ఇంకో కొలత ఎవరూ తీయని మనిషి, కదలకుండా నిలబడింది. ఉన్నవన్నీ 58, 60. మగవాళ్ళ సైజులే ఎక్కువ తెప్పిస్తారట. లోపలికి పోయి వెతికి ఒక 56 తెచ్చాడు. వెనక ఐఎస్ఐ గుర్తు, దాని మీద ఐఎస్ 4151 అన్న అంకె చూపించాడు. లోపలి గుడ్డ పక్కకు లాగి తెల్లటి గట్టి థర్మోకోల్ చూపించాడు. కొత్త టీవీ అట్టపెట్టెలో మూలలకు పెట్టినట్టు ఉంటుంది అది. దెబ్బ తగిలినప్పుడు ఆ థర్మోకోల్ నలిగి ఆ బలాన్ని తను మింగుతుంది, తలకు పోనివ్వదు. ఒకసారి నలిగితే మళ్ళీ పొంగదు, అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పారేయాలి అని చెప్పాడు. తర్వాత అమ్మకు పెట్టి, గడ్డం కింద క్లిప్పు టక్కుమనిపించి, వెనక నుంచి పైకి ఎత్తి లాగి చూశాడు. రాలేదు. బుగ్గలు కొంచెం నొక్కుకున్నట్టుంటేనే సరైన సైజని, వదులుగా ఉంటే పడినప్పుడు తలకంటే ముందు అదే ఎగిరిపోతుందని అన్నాడు. ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్లు అమ్మకూడదన్న ఉత్తర్వు 2021 జూన్ 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చింది. ఆయన అంతకు ముందు నుంచే వేరేవి పెట్టేవాడు కాదు.

కొప్పు దగ్గర పేచీ వచ్చింది. అమ్మ జీవితంలో కొప్పు, కొప్పులో పూలు లేకుండా గుడికి పోయిన రోజు లేదు. హెల్మెట్ కొప్పు మీద కూర్చోదు, పైకి లేచి నిలబడుతుంది. అప్పుడు పట్టీ వదులవుతుంది. వారం రోజులు అద్దం ముందు రకరకాలుగా దువ్వి చూసుకుంది. చివరికి మెడ దగ్గర నుంచి కిందికి జడ వేసి, హెల్మెట్ అంచు దిగినాక జడ మొదట్లో పూలు చుట్టుకోవడం కనిపెట్టింది. నూనె తల కాబట్టి లోపల స్పాంజి పాడవుతుందని పాత నూలు చీరతో మిషను మీద పల్చటి టోపీ కుట్టుకుంది. దాన్ని రోజూ ఉతుక్కుంటుంది. కంటి ఆపరేషనయ్యాక ముందు హెల్మెట్, తర్వాత కళ్ళజోడు అన్న వరస కూడా అలవాటు చేసుకుంది. చుట్టాల్లో పెద్దవాళ్ళు చాలామంది ఈ వయసులో నీకెందుకే అన్నారు. అమ్మ వాళ్ళకు పక్క వాటా అక్క సంగతి చెప్పేది. ఆ తర్వాత మాట పెరిగేది కాదు. మా అత్త మాత్రం ఏమీ అనకుండా వచ్చి, ఆ జడ ఎలా వేస్తున్నావో చూపించమంది. కొత్త హెల్మెట్‌లో అమ్మను చూసి నాయన చాలాసేపు నవ్వాడు, సంతోషంతో. "ఏమే, ఇప్పుడు నువ్వు తట్టినా నాకు వినపడదు, నేను అరిచినా నీకు వినపడదు" అన్నాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో నాయన బండి నడపడం మానేశాడు. నడిపేది నా మరదలు. అమ్మ ఆమె వెనక, రెండు పక్కలా కాళ్ళు వేసుకుని కూర్చుంటుంది. చుడీదార్ వేసుకోవడం అరవై దాటాక మొదలుపెట్టింది, బండి కోసమే. మనవడు నిలబడే వయసుకొచ్చినప్పుడు వాడిని స్కూటర్ మీద ముందు నిలబెట్టడానికి ఒప్పుకోలేదు. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధన, నాలుగేళ్ళ లోపు పిల్లలను బండెక్కిస్తే నడిపేవాళ్ళకు కట్టే బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటినవాళ్ళ తలకు పిల్లల హెల్మెట్ ఉండాలి, స్పీడు 40 దాటకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి అమలు. మరదలు ఆ బెల్టు కోసం తిరుపతి అంగళ్ళలో చాలా వెతికింది, చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించింది. హెల్మెట్ అమ్మే కొనిచ్చింది, వాడి తల కొలిచే టేపు తన కుట్టుమిషను డబ్బాలోది. పిల్లల సైజులు మన అంగళ్ళలో సులువుగా దొరకవు. దొరికినా బొమ్మల కోసం కొనేవి, గట్టివి తక్కువ. అంగళ్ళ వాళ్ళు తెప్పించాలి, అడిగేవాళ్ళం అడుగుతూ ఉండాలి.

మొన్న శుక్రవారం మరదలికి వీలు కాక, తిరుచానూరు పోవడానికి అమ్మకు నేను ఫోన్‌లో బైక్ టాక్సీ పిలిచాను. కుర్రవాడు ఇరవై ఏళ్ళు దాటి ఉండడు. దగ్గరున్న రెండో హెల్మెట్ మర్యాదగా అందించాడు. అమ్మ దాన్ని తిప్పి చూసి, "నాకు పెద్దదవుతుంది నాయనా, నాది నేను తెచ్చుకున్నా" అని సంచిలోంచి తీసి పెట్టుకుని క్లిప్పు వేసుకుంది. ఎక్కబోతూ ఆగింది. ఆ అబ్బాయి హెల్మెట్ పట్టీలు రెండు పక్కలా వేలాడుతున్నాయి.

"అబ్బోడా, ఆ క్లిప్పు పెట్టుకో."

"అలవాటు లేదవ్వా. దగ్గరే కదా."

"దగ్గరో దూరమో, నువ్వు పెట్టుకుంటేనే నేను ఎక్కేది."

వాడు నా వంక చూశాడు. నేను ఏమీ అనలేదు. క్లిప్పు పెట్టుకున్నాడు. అమ్మ వెనక నుంచి వాడి హెల్మెట్ పట్టుకుని ఒకసారి పైకి లాగి చూసి, కదలకపోయేసరికి ఎక్కి కూర్చుంది.